చక్రం పిలిచిన పేరు

"వద్దు."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని గువ్వకి వెంటనే నమ్మకం కలగలేదు.

నాన్న తల తిప్పి చూశాడు. కౌంటర్ దగ్గర కూర్చున్న వదిన ఫోన్ పక్కన పెట్టి చూసింది. గుమ్మంలో వాన నీళ్ళు కార్చుకుంటూ నిలబడ్డ కుర్రాడు కూడా చూశాడు. ఆ చక్రాల షాపులో కస్టమర్ల ముందు గువ్వ నోరు విప్పడం ఎవరూ ఎరగరు.

"ఏది వద్దండీ?" అన్నాడు ఆ కుర్రాడు. "టైర్లు వద్దా? బ్యాలెన్సింగ్ వద్దా? లేకపోతే నేనే వద్దా?"

వదిన పక్కున నవ్వింది. గువ్వ చేతిలో ఉన్న చెక్క సుత్తిని బల్ల మీద పెట్టేసి, తల వంచుకుని వెనక గదిలోకి వెళ్ళిపోయింది.

"మా ఆడపడుచు ఏడాదికి ఒక్క మాట మాట్లాడుతుంది బాబూ. ఈ ఏటి మాట నీకు దక్కింది. భద్రంగా దాచుకో," అంది వదిన.

ఆ కుర్రాడు అదే వీధి మలుపులో కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతాడు. అద్దాలు అరగదీయడం, ఫ్రేములు బిగించడం అతని పని. నేరేడు పండు రంగులో ఒక చిన్న కారు ఉంది. రోజూ దుకాణానికి వెళ్ళేదీ, వాళ్ళమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళేదీ అందులోనే. ఆ కారునే ఆదివారం రేస్ ట్రాక్ మీద నడపాలని అతని ముచ్చట. ట్రాక్ వాళ్ళు అప్పుడప్పుడు మామూలు కార్లకి కూడా గేటు తీస్తారు.

"కారుతో వచ్చిన ఇనప చక్రాలు చాలా బరువండీ," అన్నాడు నాన్నతో. "బ్రేక్ తొక్కితే ఆగవు. మలుపు తిప్పితే బద్ధకంగా తిరుగుతాయి. అందుకని ఇవి కొన్నాను."

రేసులు మానుకున్న ఎవరో ఒకాయన దగ్గర కొన్న చక్రాలవి. కంచు రంగు. సన్నటి స్పోకులు. అచ్చులో పోసినవి కావు, లోహాన్ని భారీ ప్రెస్సులో అదిమి చేసినవి. నాన్న ఒకదాన్ని ఎత్తి, "దూదిపింజలా ఉందే!" అని ముచ్చటపడ్డాడు. "చక్రం బరువు తగ్గితే కారుకి కాళ్ళ సంకెళ్ళు తీసేసినట్టే."

వాడిన చక్రం ఏది వచ్చినా ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. దాన్ని దూలానికి కట్టిన తాడుకి వేలాడదీస్తారు. చెక్క సుత్తితో ఒక్క దెబ్బ వేస్తారు. మోత పూర్తిగా ఆగేదాకా ఎవరూ మాట్లాడకూడదు. మంచి చక్రం గుడిగంటలా మోగుతుంది. బీట ఉన్న చక్రం పగిలిన కుండలా బొంగురుగా పలుకుతుంది. వినే పని ఒకప్పుడు అమ్మది. అమ్మ పోయాక గువ్వది.

ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి ఇంకొకటి ఉంది. మోత ఆగిపోయాక కూడా గువ్వకి వినిపిస్తుంది.

సన్నగా, నీళ్ళ అడుగున ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. చక్రం నడిచిన దారుల చప్పుడు అది. కంకర రోడ్డు. వెనక సీట్లో పసిపిల్ల ఏడుపు. తాళం తప్పి పాడుతున్న డ్రైవరు. చిన్నప్పుడు ఒకసారి ఆ మాట అమ్మతో చెప్పింది. అమ్మ ఆశ్చర్యపోలేదు. జడ అల్లుతున్న చేతులు మాత్రం ఆగిపోయాయి. "చెవిన పడ్డవన్నీ నోట పెట్టకూడదు తల్లీ," అంది. అప్పటి నుంచి గువ్వ పెట్టలేదు.

ఆ కుర్రాడి మొదటి మూడు చక్రాలూ చక్కగా మోగాయి. దూలానికి వరసగా వేలాడుతున్న అమ్మకపు చక్రాలు కూడా ఎప్పటిలాగే వాటికి వంత పాడాయి. నాలుగోది అన్నిటికన్నా తియ్యగా మోగింది.

కానీ దానికి ఏ చక్రమూ వంత పాడలేదు. దూలం మీదవన్నీ ఊపిరి బిగబట్టినట్టు ఉండిపోయాయి.

మోత సన్నగిల్లింది. ఆగింది. అప్పుడు వినిపించింది. తడి రోడ్డు మీద బ్రేకుల కేక. ఎండు కట్టె విరిగినట్టు ఒక చప్పుడు. ఆ తర్వాత, ప్రాణభయంతో, ఒక మగ గొంతు.

"గువ్వా!"

ఇందాక గుమ్మంలో నిలబడి "వాన దంచేస్తోందండీ" అన్న గొంతే అది.

అతనికి ఆమె పేరు ఇంకా తెలియదు. అంటే ఇది నడిచిపోయిన దారి కాదు. ఇక ముందు నడవబోయే దారి.

అందుకే గువ్వ నోరు ఆగలేదు. వద్దు అంది.

*

కూతురు వద్దంటే నాన్న తేలిగ్గా తీసుకోడు. ఆ సాయంత్రమే నాలుగో చక్రాన్ని శుభ్రంగా కడిగి, ఎర్ర రంగు ద్రవం పూశాడు. తుడిచి, మీద తెల్ల పొడి చల్లాడు. ఎక్కడైనా వెంట్రుక వాసి బీట ఉంటే అందులో దాగిన ఎరుపు పొడి మీదికి గీతలా తేలుతుంది.

ఎక్కడా గీత తేలలేదు.

"మచ్చ లేదమ్మా," అన్నాడు నాన్న. "మోత కూడా బాగానే ఉంది కదా. మరి ఏం విన్నావు?"

గువ్వ పొడి అంటిన నేల వైపు చూస్తూ నిలబడింది.

"ఆ కుర్రాడి నవ్వు విని ఉంటుంది మామయ్యా," అంది వదిన. "కంగారుపడింది పాపం."

మర్నాడూ వాన ఆగలేదు. గువ్వ గాలి గొట్టం చుట్టలు చుడుతుండగా వీధిలో గొడుగు ఒకటి కనిపించింది. కౌంటర్ దగ్గర నుంచి వదిన కేక పెట్టింది.

"గువ్వా! కళ్ళజోడు వస్తున్నాడే!"

గొడుగు మూస్తూ లోపలికి వచ్చిన కుర్రాడి చెవిన అది పడనే పడింది. మొహం వెలిగిపోయింది.

"మీ పేరు గువ్వా? భలే ఉందండీ. గువ్వా!"

ఆ గొంతు. ఆ పేరు. నిన్న చక్రంలోంచి వచ్చిందే, భయం ఒక్కటి తీసేస్తే. గువ్వ చేతిలోంచి గొట్టం జారి, చుట్టలన్నీ విడిపోయి పాములా నేలంతా పాకింది.

"పిలిస్తే ఇంత భయపడతారా!" అతను గొట్టం ఎత్తి చుట్టసాగాడు. "సారీ అండీ. ఇకనుంచి 'ఏమండీ' అనే పిలుస్తాను."

"అప్పుడే ఏమండీ దాకా వెళ్ళిపోయావా!" అంది వదిన.

గువ్వ ఎర్రబడింది. కానీ పారిపోలేదు. గోడకి ఆనించి ఉన్న బూడిద రంగు చక్రాల వైపు చెయ్యి చూపించింది.

"అవి వేసుకోండి."

అతను వాటిని చూశాడు. ఆమెను చూశాడు. మళ్ళీ వాటిని చూశాడు.

"ఇవా? ఎవరో తిని కడగడం మర్చిపోయిన పళ్ళేల్లా ఉన్నాయి కదండీ!"

"పోతపోసి, అంచుని రోలర్ల మీద సాగదీసినవి బాబూ," అన్నాడు నాన్న. "అందం తక్కువే. నీ ఇనప వాటికన్నా బాగా తేలిక. కంచు వాటికన్నా కాస్త బరువు. ట్రాక్‌కీ వెళ్తాయి, వచ్చేటప్పుడు రోడ్డు మీద గుంతలూ ఓర్చుకుంటాయి."

"అయితే అదన్నమాట సంగతి." కుర్రాడి నవ్వు కాస్త వాడింది. "మంచి చక్రాలకి వంక పెడితే గానీ సొంత సరుకు అమ్ముడుపోదు. ఆ మాట మొదటే చెప్తే సరిపోయేది కదండీ, ఆ దొంగ భయం ఎందుకు?"

ఆ మాట గువ్వకి చురుక్కుమంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వదిన నవ్వడం మానేసింది.

"ఇదిగో అబ్బాయ్, మా పిల్లకి అమ్మడం కూడా చేతనైతే నేనీ కౌంటర్ దగ్గర ఎందుకుంటాను?"

కుర్రాడు గొడుగు వేసుకోవడం కూడా మర్చిపోయి వానలోకి వెళ్ళిపోయాడు. కంచు చక్రాలు మాత్రం షాపులోనే ఉన్నాయి. టైర్లు వచ్చాక శనివారం బిగించాలి.

*

శనివారం మబ్బు ఎంత కమ్మిందంటే పగలే లైట్లు వేసుకోవాల్సి వచ్చింది. నాన్న ముందు షెడ్డులో ఉన్నాడు. టైర్లు ఎక్కించాలి, ముందు ఆ నాలుగో చక్రాన్ని తెమ్మన్నాడు. గువ్వ వెనక గది తలుపు తీసింది.

దూలానికి చక్రం వేలాడుతోంది. కిటికీ మూసే ఉంది. గాలి లేదు. పక్కనున్న చక్రాలన్నీ కదలకుండా ఉన్నాయి. అదొక్కటే నెమ్మదిగా తిరుగుతోంది.

తాడు మెలి విడుతోందేమో అనుకుంది గువ్వ. తాడు తిన్నగానే ఉంది.

చక్రం తిరిగి తిరిగి, గాలి నింపే వాల్వ్ ఉండే రంధ్రం సరిగ్గా ఆమె వైపు వచ్చేసరికి ఆగింది. కన్నులా ఉంది. గువ్వ ఒక అడుగు పక్కకి జరిగింది. అది కూడా అంతే జరిగింది.

ఎవరూ కొట్టకుండానే మోగడం మొదలుపెట్టింది.

గువ్వ రెండు చేతులతో దాన్ని గట్టిగా పట్టుకుంది. చెయ్యి వేస్తే ఏ చక్రమైనా నోరు మూస్తుంది. ఇది మూయలేదు. మోత అరచేతుల్లోంచి మోచేతుల్లోకి, పళ్ళలోకి పాకింది. తియ్యటి మోత. జోలపాటలాంటి మోత. నన్ను పంపించు, నన్ను పంపించు అన్నట్టు.

"నేనూ పట్టుకోనా?"

గుమ్మంలో కళ్ళజోడు నిలబడి ఉన్నాడు. మోత టక్కున ఆగిపోయింది.

"ఆ రోజు అన్న మాటకి సారీ చెప్దామని వచ్చాను," అన్నాడు. "అప్పటి నుంచీ ఆ మాటే గుచ్చుకుంటోంది. మీరు అమ్మేవాళ్ళలా లేరు. భయపడేవాళ్ళలా ఉన్నారు. నిజం చెప్పండి. దేనికి భయం?"

చెవిన పడ్డవన్నీ నోట పెట్టకూడదు. అమ్మ మాట. అమ్మ చెయ్యి ఇప్పటికీ జడలోనే ఉన్నట్టు అనిపించింది గువ్వకి. చెప్తే పిచ్చిదంటాడు, మళ్ళీ ఈ గుమ్మం తొక్కడు. చెప్పకపోతే రేపు... ఆ ఎండు కట్టె చప్పుడు గుర్తొచ్చింది. రాకపోతే పోనీ. ఎక్కడో ఒకచోట ఉంటే చాలు.

చెప్పేసింది. ముందు తడబడుతూ, తర్వాత గబగబా, చివరికి ఏడుస్తూ. బ్రేకుల కేక, విరిగిన చప్పుడు, అన్నీ.

"నేను పిలిచానా? మీ పేరుతో?" అన్నాడతను. "మీ పేరు నాకు తెలిసిందే మర్నాడు కదండీ!"

"అందుకే భయం."

వాన చూరు మీద దబదబా కొడుతోంది. అతను కళ్ళజోడు తీసి, చక్రానికి చెవి ఆనించాడు. ఆమె సుత్తి తీసి, ఒక్క దెబ్బ వేసింది. మోత ఆగేదాకా ఇద్దరూ కదలలేదు. ఒకే చక్రానికి అటూ ఇటూ రెండు మొహాలు. అతని రెప్పల మీద వాన చుక్క ఒకటి ఇంకా ఆరలేదని అంత భయంలోనూ గువ్వ గమనించింది.

"నాకేమీ వినిపించలేదు," అన్నాడు చివరికి.

గువ్వ తల దించుకుంది.

"ఆగండి, అయిపోలేదు. నా దుకాణానికి వచ్చేవాళ్ళకి బోర్డు మీది అక్షరాల్లో చివరి వరస కనిపించదు. నాకు కనిపిస్తుంది. వాళ్ళకి కనిపించలేదని ఆ వరస లేకుండా పోతుందా?" కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "పళ్ళేలే బిగించమనండి."

నాన్న ముందు బ్రేకు మీద బంకమట్టి ముద్ద అంటించి, బూడిద చక్రం ఎక్కించి, చేత్తో ఒకసారి తిప్పాడు. మట్టి చెక్కుకుపోలేదు. "బ్రేకుకీ చక్రానికీ మధ్య సందు సరిపోయింది. నీ కోసమే పోసినట్టున్నాయి," అన్నాడు. కంచు చక్రాలు వెనక గదిలోనే ఉండిపోయాయి.

వెళ్ళేటప్పుడు కుర్రాడు కారు అద్దం దించి, "రేపు అందరికన్నా వెనక వస్తే ఆ నింద మీదేనండోయ్!" అని అరిచాడు. గువ్వ నవ్వింది. నవ్వుతూనే వెనక గది తలుపుకి గడియ పెట్టింది.

*

ఆదివారం మధ్యాహ్నం వదిన ఉల్లిపాయలు తరుగుతోంది. నాన్న కునుకు తీస్తున్నాడు. షాపు వెనకే ఇల్లు. గువ్వ కిటికీ పక్కన కూర్చుని వాన వైపు చూస్తోంది. ఇక భయం లేదు. ఆ చక్రం ఇక్కడే ఉంది, అతను అక్కడ ఉన్నాడు. వాటి మధ్య బోలెడు దూరం.

అప్పుడు వెనక గదిలో చక్రం మోగింది.

ఈసారి విన్నది గువ్వ ఒక్కతే కాదు. వదిన కత్తి ఆపింది. నాన్న లేచి కూర్చున్నాడు. మోత పెరిగింది. దానితో బాటు దూలం మీదున్న చక్రాలన్నీ ఒక్కసారిగా మోగాయి. గోడ మీది తాళాలు గలగలలాడాయి. గువ్వ పరుగెత్తి గడియ తీసింది. బ్రేకుల కేక వినబడింది. ఆ వెనకే గొంతు.

"గువ్వా!"

చక్రం ఆమె కళ్ళ ముందే రెండుగా విరిగింది. ఒక ముక్క నేల మీద పడి, దొర్లుకుంటూ వచ్చి, ఆమె పాదాల దగ్గర పడుకుంది. ఇంకో ముక్క తాడుకి ఊగుతోంది. మోత లేదు. ఏదీ లేదు.

"ఎవరు పిలిచారే నిన్ను?" అంది వదిన. ఆమె పెదవులు పాలిపోయాయి.

గువ్వ కిందపడ్డ ముక్క వైపు చూసింది. తను పొరపడిందా? చక్రం మారిస్తే తప్పుతుందనుకుంది. పిలుపు తప్పలేదే! చక్రం ఇక్కడ విరిగితే, అక్కడ ఏం విరిగింది? వదిన ఫోన్ చేసింది. అతని ఫోన్ పలకలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ పలకలేదు.

నాన్న ముక్క చేతిలోకి తీసుకుని విరిగిన చోట వేలు పెట్టి చూశాడు. చుట్టూ మెరుస్తోంది. మధ్యలో మాత్రం పాత నెత్తురులా నల్లటి మచ్చ.

"లోపలి గాయం. పైకి రానిది రంగుకి దొరకదు," అన్నాడు మెల్లగా. కూతురి వైపు చూశాడు. "మీ అమ్మ కూడా ఒక్కోసారి ఇలాగే 'వద్దు' అనేది. ఎందుకని అడిగితే చెప్పేది కాదు. నువ్వు ఆ అబ్బాయికి చెప్పావా?"

గువ్వ తల ఊపింది.

"మంచి పని చేశావు," అన్నాడు నాన్న.

ఉల్లిపాయలు తరిగినవి తరిగినట్టే ఉన్నాయి. గువ్వ వీధి గుమ్మంలో వానలోనే నిలబడింది. వదిన లోపలికి లాగింది. మళ్ళీ వెళ్ళి నిలబడింది. ప్రతి కారు చప్పుడుకీ మలుపు వైపు చూసింది. ఏదీ అతని కారు కాదు.

వెలుగు తగ్గుతుండగా మలుపులో నేరేడు రంగు కనిపించింది.

అద్దాల దాకా బురద. ముందు బంపర్‌లో గడ్డి. కుడివైపు చక్రం అంచు ఒకచోట చెవి మడతపెట్టినట్టు వంగి ఉంది. కారు కుంటుతూ వచ్చి ఆగింది. అతను దిగాడు. కళ్ళజోడుకి ఒక కాలు లేదు. మనిషికి అన్నీ ఉన్నాయి.

"కారుతో పొలం దున్నావా నాయనా?" అంది వదిన. అంటూనే కళ్ళు తుడుచుకుంది.

"ఫోన్ బురదలో పడి చచ్చిందండీ. సూటి దారి చివర బ్రేక్ తొక్కాను. తడికి కారు గిర్రున తిరిగింది. చక్రం వెళ్ళి అంచు రాయికి కొట్టుకుంది. విరిగి ఉంటే పల్టీలే అన్నారక్కడి వాళ్ళు. ఇది వంగి ఊరుకుంది. గాలి కూడా పోలేదు. వెళ్ళి గడ్డిలో ఆగాను." అతను విరిగిన కళ్ళజోడు తీశాడు. "రాయికి కొట్టుకున్నప్పుడు అరిచానండీ."

"ఏమని?" అన్నాడు నాన్న.

అతను గువ్వ వైపు చూశాడు. "భయమేస్తే లోకంలో అందరూ అమ్మా అనే అరుస్తారు. నాకెందుకో అమ్మ గుర్తు రాలేదు. మా అమ్మతో మాత్రం చెప్పకండి."

నాన్న పక్కకి జరిగాడు. ఆయన వెనక బల్ల మీద కంచు రంగు ముక్కలు రెండూ ఉన్నాయి. కుర్రాడు వాటిని చూశాడు. ఎవరు విరగ్గొట్టారని అడగబోయి, ముగ్గురి మొహాలూ చూసి ఆగిపోయాడు. మొహంలో నవ్వు పోయింది. తడి బట్టలతో అలాగే నిలబడ్డాడు.

"గట్టిగానే అరిచావు బాబూ," అన్నాడు నాన్న. "మా ఇంటిదాకా వినిపించింది."

వదిన ఒక తువ్వాలు తెచ్చి, అతనికి ఇవ్వకుండా గువ్వ చేతిలో పెట్టి, ఉల్లిపాయలు మాడిపోతున్నాయంటూ లోపలికి వెళ్ళింది. పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.

గువ్వ తువ్వాలు అందించింది. అతను అందుకుని, దాన్ని పట్టుకునే అడిగాడు.

"ఆ పేరుతో మళ్ళీ ఒకసారి పిలవనా? ఈసారి భయం లేకుండా. ఇష్టమైన మనిషిని పిలిచినట్టు."

ఆమె తల ఊపింది.

"గువ్వా."

గువ్వ చెవులు రిక్కించి వింది. వెనకాల ఏ కేకా లేదు. ఏదీ విరిగిన చప్పుడు లేదు. పిలుపు ఒక్కటే ఉంది, దాని చుట్టూ వాన.

నాన్న వంగిన చక్రం దగ్గర కూర్చుని అంచు తడిమి చూస్తున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు. "ఇంత జరిగాక మళ్ళీ ట్రాక్‌కి వెళ్తావా?"

"వెళ్తాను మామయ్యా."

"మొన్నటిదాకా అండీ అన్నాడే!" లోపలి నుంచి వదిన కేక.

నాన్న చేతులు దులుపుకున్నాడు. "సరే," అన్నాడు లేస్తూ. "మీ అమ్మగారిని ఒకసారి తీసుకురా. మాట్లాడాలి. ఇకనుంచి మాత్రం నిదానంగా నడుపు. పక్క సీట్లో మా పిల్ల ఉంటుంది."

"పక్క సీట్లో ఎందుకు నాన్నా?" అంది గువ్వ, అందరికీ వినబడేలా. "నేనే నడుపుతాను."